అద్దం కప్పు మీద లోడు పరీక్ష

ఆ రోజు ఉదయం అల్లుడి పథకం చాలా చిన్నది. కారు మీద ర్యాకు బిగించాలి. ర్యాకు మీద టూత్ బ్రష్షు కట్టాలి. అతిథులు వచ్చేలోగా దాన్ని భార్య క్లినిక్ ముందు దించాలి. కాఫీ తాగుతూ వేళ్ళు మడిచి మరీ చెప్పాడు. మూడో వేలు మడిచేసరికి పని సగం అయిపోయినట్టే అనిపించింది అతనికి.

బ్రష్షంటే నోట్లో పెట్టుకునేది కాదు. మంచం కంటే పొడుగు. నీలం పిడి, మనిషి దూరేంత వెడల్పున తెల్లటి కుచ్చు. భార్య పళ్ళ డాక్టరు. ఇన్నేళ్ళూ ఊళ్ళో పేరున్న పెద్ద డాక్టరు దగ్గర పనిచేసి, ఆ రోజే సొంత క్లినిక్ తెరుస్తోంది. గుమ్మం పైన అందరిలా ఉత్త బోర్డు కాకుండా ఈ బ్రష్షు కనిపించాలని ఆమె ముచ్చట. నాటకాలకు సెట్లు వేసే ఆర్టిస్టు ఒకాయన తయారు చేసి, గోనెగుడ్డ చుట్టి, ముందు రోజే తెచ్చి హాల్లో గోడకు ఆనించి వెళ్ళాడు.

"నాలుగడుగుల దూరమేగా, ఇద్దరు పట్టుకుని మోసుకొచ్చెయ్యండి," అంది డాక్టరమ్మ చెప్పులు వేసుకుంటూ.

"దాని బరువెంతో తెలుసా? పొడవూ వెడల్పూ మందమూ కొలిచి లెక్క కట్టాను. నలభై కిలోలకి తగ్గదు. అయినా క్లినిక్ గుర్తుని దొంగసొమ్ములా చంకన పెట్టుకుని వెళ్తామా? కారు మీద దర్జాగా వస్తుంది, చూస్తుండు."

"బ్రష్షు రాకపోయినా పర్లేదు కానీ, నాన్నని మాత్రం టైముకి తీసుకురండి," అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. ఆమె తండ్రి డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఒళ్ళు ఇప్పటికీ ఉక్కుముక్క. పళ్ళు ఇనుమని ఆయనే చెప్పుకుంటాడు. ఎవరూ అడక్కపోయినా సీసా మూత పంటితో తీసి చూపిస్తాడు. కానీ పళ్ళ డాక్టరైన సొంత కూతురి ముందు ఒక్కసారీ నోరు తెరవలేదు. "నా పళ్ళు పెద్ద డాక్టరు చూస్తున్నాడమ్మా. ఆయన చెయ్యి పడితేగానీ నాకు గురి కుదరదు," అంటాడు. ఈ మధ్య ఆయన ఒక దవడతోనే నములుతున్నాడని కూతురు గమనించింది. అడిగితే అది కొత్త రకం కసరత్తు అన్నాడు. "కన్నతండ్రే నన్ను నమ్మకపోతే బయటివాళ్ళు ఏ ధైర్యంతో వచ్చి కూర్చుంటారండీ?" అని ఆమె మొన్నొక రోజు భర్త దగ్గర కళ్ళు తుడుచుకుంది.

అల్లుడు లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. లిఫ్టు ఎంత బరువు మోస్తుందని రాసి ఉంటుందో, అంతకు మించి ఎక్కించి చూశాకే సంతకం పెట్టే రకం. ఈ అలవాటు ఆఫీసుతో ఆగలేదు. కుర్చీలో కూర్చునే ముందు దాన్ని రెండుసార్లు ఊపుతాడు. గుమ్మానికి కొత్త గొళ్ళెం పెడితే దాన్ని పట్టుకుని వేలాడతాడు. మొదటిసారి అత్తవారింటికి వచ్చిన రోజున ఉయ్యాల బల్లకు ఇలాగే పరీక్ష పెట్టి గొలుసు తెంపాడు. తెగడం వల్లే అది బలహీనమని తెలిసిందిగా అని అత్తగారికి సర్దిచెప్పాడు కూడా.

కారు కొత్తది. కప్పు మొత్తం అద్దమే. లోపల కూర్చుని తల ఎత్తితే ఆకాశం కనిపిస్తుంది. కొన్నప్పటినుంచీ ఆ కప్పును అతను తెరవలేదు, ఎవర్నీ తెరవనివ్వలేదు. దుమ్ము పడుతుందని భయం. తెరిస్తే ఎలా తెరుచుకుంటుందో ఇంట్లో ఎవరూ చూడలేదు. మనకెందుకులే అని అల్లుడు కూడా చూడలేదు.

ర్యాకు అడ్డకడ్డీలు రెండూ బిగిస్తుంటే ఎదురింటి ఇన్సూరెన్సాయన గేటు దగ్గర నిలబడి చూశాడు. "అద్దం కప్పు కదండీ, పగిలితేనో?"

"అద్దం మీద బరువే పడదు సార్. మొత్తం ఈ పక్కనున్న ఇనప అంచు మీద పడుతుంది. కడ్డీకీ అద్దానికీ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉండాలి. ఉంది. కడ్డీ వంగి అద్దానికి తగలకూడదు. అదొక్కటే సూత్రం."

రబ్బరు మూతలు తీసి, బోల్టులు నాలుగూ ఒకే బిగువున తిప్పి, రసమట్టం పెట్టి చూశాడు. బుడగ నడిమధ్యన నిలబడింది. నిజం చెప్పాలంటే ఇంతవరకూ అతను చేసినదాంట్లో ఒక్క తప్పూ లేదు. అక్కడితో బ్రష్షు కట్టేసుకుని ఉంటే కథే లేదు. కానీ పరీక్ష పెట్టకుండా బరువెక్కించడం అతని రక్తంలో లేదు. ఇంట్లో తూకపు దిమ్మలా లేవు. పరీక్షకి ఏం ఎక్కించాలా అని అతను నలుదిక్కులా చూస్తుండగా మాస్టారు మెట్లు దిగి వచ్చాడు. తెల్ల చొక్కా, ప్రారంభోత్సవం కోసమే కుట్టించుకున్న బూడిదరంగు ప్యాంటు, మెడలో పాత ఈల. శుభకార్యాలకి ఈల వద్దని ఆయన భార్య చెప్పి చెప్పి విసిగిపోయింది.

"డెబ్బై రెండు!" అని ప్రకటించాడు మాస్టారు. రోజూ పొద్దున్నే తూకం చూసుకుని ఇంటిల్లిపాదికీ చెప్పడం ఆయనకు అలవాటు. "రిటైరైన నాడెంతో ఇవాళా అంతే. పావుకిలో పెరగలేదు, తరగలేదు."

అల్లుడు ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా కొత్తగా చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మామగారి మీద అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

"మామయ్యగారూ, ఒక్క నిమిషం దీనిమీద పడుకుంటారా?"

"ఎందుకూ?"

"బరువు ఖచ్చితంగా తెలిసిన వస్తువు ఇంట్లో మీరొక్కరే."

ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవారు. మాస్టారి ఛాతీ ఉబ్బింది. "కూర్చోవాలా, పడుకోవాలా?"

"బ్రష్షు కూర్చోదు కదండీ. బోర్లా పడుకోండి. చేతులు మాత్రం అద్దం మీద పెట్టకండి."

మాస్టారు స్టూలు ఎక్కి, దండీలు తీసేవాడిలా ఒళ్ళు బిగించి ఒక్క ఊపున పైకి చేరాడు. ముందు కడ్డీ నడుం కింద, వెనక కడ్డీ మోకాళ్ళ కింద వచ్చేలా సర్దుకున్నాడు. పై సగం శరీరాన్ని గాల్లో నిలబెట్టి, "ఎంతసేపు కావాలన్నా ఉంటా. కంగారు పడకు," అన్నాడు.

ఇక కడ్డీ వంగుతోందా అన్నది లోపల్నించి చూడాలి. అందుకు అత్తగారిని పిలిచి ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఉక్కగా ఉందని ఆవిడంటే అల్లుడు తాళం తిప్పి ఏసీ పెట్టి, తలుపు వేశాడు. ఆవిడ తల ఎత్తేసరికి పైన అద్దానికి జానెడు దూరంలో భర్త మొహం. ఆయన పెదవులు కదులుతున్నాయి. కళ్ళు పెద్దవి చేసి మరీ ఏదో చెబుతున్నాడు. అద్దం మందమైనది, ఒక్క ముక్క వినపడలేదు.

"ఏమంటున్నారండీ?" అందావిడ. ఆయన మరింత గట్టిగా చెప్పాడు. వినపడాలంటే అద్దం దించాలి. పక్క తలుపు అద్దానికి మీట పక్కన ఉంటుంది కాబట్టి, పై అద్దానికి మీట పైనే ఉంటుందని ఆవిడ అనుకుంది. ఉంది. నొక్కింది.

కొన్నాక మొదటిసారిగా కప్పు తెరుచుకుంది. మొదట అద్దం తన వెనక అంచు ఎత్తి, పైకి లేచి, హుందాగా వెనక్కి జరిగి, ముందు కడ్డీ కిందికి దూరబోయి దూరలేక, కడ్డీకీ తనకీ మధ్య వేలాడుతున్న బూడిదరంగు ప్యాంటునూ బెల్టునూ గట్టిగా పట్టుకుంది. మోటారు ఒకసారి మూలిగి ఆగిపోయింది. అల్లుడు కడ్డీ వంగితే అద్దానికి తగులుతుందని రకరకాలుగా లెక్కలు వేశాడు గానీ, అద్దమే లేచి వచ్చి కడ్డీకి తగులుతుందన్న ఆలోచన అతనికి రాలేదు.

తెరుచుకున్న సందులోంచి మాస్టారి తల కారులోకి దిగింది. ఇప్పుడు ఆయన మాట స్పష్టంగా వినబడింది.

"అక్కడ స్విచ్చులేవీ ముట్టుకోకే అని కదా ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నా!"

"ఆ మాట గట్టిగా చెప్పొచ్చుగా," అంది అత్తగారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే మాస్టారికి ఇంకా ఒళ్ళు మండింది.

మీట మళ్ళీ నొక్కారు. మోటారు పలకలేదు. అల్లుడు పానా తీసి బోల్టు మీద పెట్టాడు. పెట్టి, మనసు ఒప్పక, మెకానిక్కుకి ఫోన్ చేశాడు.

"బోల్టు ముట్టుకోకండి సార్!" అని అరిచాడు మెకానిక్కు. "మనిషి పైన ఉండగా కడ్డీ జారిందంటే అద్దం బద్దలవుతుంది. కింద దిమ్మె పెట్టి విప్పాలి. నేను మీ మేడమ్ క్లినిక్ పక్క సందులోనే ఉన్నా, ఇంకో బండి విప్పేసి కూర్చున్నా. మెల్లిగా ఇటు తోసుకొచ్చెయ్యండి. ఇంజను మాత్రం పెట్టొద్దు."

"లేదంటే మాస్టారు ప్యాంటు విప్పి వచ్చెయ్యొచ్చు," అని సూచించాడు ఇన్సూరెన్సాయన.

మాస్టారు వీధిని ఆ చివర్నుంచి ఈ చివరికి చూశాడు. కిటికీలన్నీ నిండుగా ఉన్నాయి. "ఈ వీధిలో పిల్లలందరికీ క్రమశిక్షణ నేర్పినవాణ్ని నేను. ప్యాంటు విప్పను."

"పోనీ కత్తిరిద్దామా?"

"కొత్త ప్యాంటు! కత్తిరించనివ్వను. అల్లుడూ, నా కూతురు క్లినిక్ తెరుస్తుంటే నేను లేకుండా ఎలా? తొయ్యండి!"

ఆ గొంతులో ధీమా చూసి అందరూ కదిలారు. అల్లుడు స్టీరింగు పట్టుకున్నాడు. ఇన్సూరెన్సాయన, పాలు పోయడానికి వచ్చినాయన, పక్కింటి అన్నదమ్ములు వెనక నిలబడ్డారు. అత్తగారు మాత్రం, నెత్తి మీద ఆయన తిట్లు వింటూ అందులో కూర్చోలేనని దిగిపోయి, ఇంటికి తాళం వేసి నడిచి వస్తానంది. మాస్టారు మోచేతులు ఇనప అంచుకు ఆనించి, తల పైకెత్తి, ఈల ఊదాడు. "ఒకటి... రెండు... ఒకటి... రెండు! ఎడమ చేతివాళ్ళు వెనకబడుతున్నారు!" కారు నిజంగానే బాగా నడిచింది.

మలుపు తిరిగేలోగా కథ మూడు రకాలైంది. అల్లుడి మీద కోపంతో మాస్టారు కారెక్కి దిగనంటున్నాడని ఒకరు. కాదు, ఆయనే ఏదో పోటీకి నిలబడుతున్నాడని మరొకరు. వీళ్ళిద్దరి కంటే ఎక్కువ చెడగొట్టింది ఇన్సూరెన్సాయన. వృత్తిధర్మం కొద్దీ తోస్తూనే డాక్టరమ్మకు ఫోన్ కొట్టాడు. "కంగారు పడకండమ్మా. నాన్నగారు కారు మీద ఉన్నారు. మాట్లాడుతున్నారు. మీవారికి ఏం కాలేదు."

ఈ నాలుగు ముక్కలు విన్న ఏ కూతురైనా ఏమనుకుంటుంది? డాక్టరమ్మ చేతిలో పూలగుత్తి వదిలేసి, పూజకని దీపం ముందు పెట్టిన పరికరాల పెట్టె అందుకుని, తెల్లకోటుతోనే బయటికి పరిగెత్తింది. రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్ద డాక్టరు కత్తెరతో సహా ఆమె వెనక పరిగెత్తాడు. అతిథులందరూ వాళ్ళ వెనక. సరిగ్గా అప్పుడే ఈల వినిపించింది. మలుపు దగ్గర కారు, దాని మీద తండ్రి, ఆయన నోట "ఒకటి... రెండు..."!

"నాన్నా! ఎక్కడ తగిలింది?"

"ప్యాంటు తప్ప అంతా భేషుగ్గా ఉందమ్మా!" అని మాస్టారు నోరంతా తెరిచి చెప్పాడు.

ఆ తెరిచిన నోట్లోకి డాక్టరమ్మ చూపు పడింది. మొహంలో ఏడుపు పోయి వేరే ఏదో వచ్చింది. కారు ముందు తలుపు తీసి ఎక్కి, తలుపు వేసుకుని, సీటును వెనక్కి పూర్తిగా వాల్చి పడుకుంది. మామూలుగా పేషెంటు పడుకుంటాడు, డాక్టరు పైనుంచి చూస్తుంది. ఇక్కడ డాక్టరు పడుకుంది. పేషెంటు కప్పులోంచి వేలాడుతున్నాడు. ఆమె చిన్న అద్దం, టార్చి తీసింది.

"నాన్నా, ఆ అను."

"ఇప్పుడెందుకమ్మా? పెద్ద డాక్టరు చూస్తున్నాడని చెప్పానుగా."

"ఆయనా ఇక్కడే ఉన్నారు. సార్, మీ పాత పేషెంటే కదా, కుడి దవడ చివరి పన్ను మీరూ ఒకసారి చూడండి."

పెద్ద డాక్టరు కిటికీలోంచి తల పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "నా పేషెంటా? మీ నాన్నగారు నా దగ్గరకి ఒక్కసారీ రాలేదే! మీ పెళ్ళిలో చూడ్డమే."

పారిపోవడానికి మాస్టారికి దారి లేదు. మొహం తిప్పుకోవడానికి కూడా కప్పు సందు వెడల్పు చాలదు.

"నాన్నా?" అంది డాక్టరమ్మ. ఆ ఒక్క పిలుపులో ఇన్నేళ్ళ కష్టం ఉంది.

"ఆ పళ్ళు తొలిచే మర చప్పుడు నాకు పడదమ్మా," అన్నాడు మాస్టారు చివరికి. ఈల ఊదిన గొంతేనా అనిపించేంత చిన్నగా అన్నాడు. "గుర్రుమంటుందే, అది వింటే కాళ్ళు వణుకుతాయి. చిన్నప్పట్నుంచీ అంతే. ఎవరి దగ్గరికీ పోలేదు. వేరేవాళ్ళ దగ్గర భయపడితే పోయేదేముంది, బయటికొచ్చాక మర్చిపోతారు. నీ ముందు వణికితే ఎట్లా? నిన్ను గోడ దూకమన్నవాణ్ని, ఈతకి తోసినవాణ్ని నేను."

"నేను చేతకానిదాన్నని అనుకుంటున్నావేమో అనుకున్నా నాన్నా. ఇన్నేళ్ళూ అదే అనుకున్నా."

"నువ్వా? చేతకానిదానివా?" మాస్టారి కళ్ళలోంచి రాలిన చుక్క సరిగ్గా ఆమె టార్చి మీద పడింది. "నువ్వు పళ్ళు బాగుచేస్తావని తెలుసు కాబట్టేనమ్మా భయం. చూస్తే వదలవు కదా."

ఆమె కోటు చేతితో మొహం తుడుచుకుంది. నవ్వింది కూడా. అప్పటికి మెకానిక్కు చెక్క దిమ్మెతో వచ్చి కడ్డీ కింద పెట్టి, పానా బోల్టుకు తగిలించాడు. "ఒక్క తిప్పు మేడమ్, సారు దిగిపోవచ్చు."

"ఆగండి!" అంది డాక్టరమ్మ లోపల్నించే. "దిగితే ఈయన దొరకడు. పరుగులో ఎవరూ అందుకోలేరు. ముందు నోరు. తర్వాతే ప్యాంటు."

కడ్డీకి వేలాడుతూ మాస్టారు నోరు తెరిచాడు. కాళ్ళు వణికాయి, నిజమే. అయితే అవి వెనక కడ్డీ మీద ఉండటంతో, కారు దిగి వెనక నిలబడ్డ అల్లుడొక్కడే చూశాడు. ఎవరికీ చెప్పలేదు. మరలేవీ లేకుండా, చిన్న అద్దంతోనే ఆమె పన్నంతా తట్టి చూసింది. సీసా మూత తీసేటప్పుడు విరిగి, లోపల్లోపల పాడైన పన్ను. పీకక్కర్లేదు, బాగవుతుంది. ఎప్పుడు నొప్పి పుట్టినా చెయ్యి పైకెత్తమంది. చెయ్యి ఎత్తగానే ఆపుతానంది. ఆయన ఒకసారి ఎత్తాడు. ఆమె ఆగింది. నిజంగానే ఆగుతుందా లేదా అని చూడ్డానికే ఆయన ఎత్తాడని తర్వాత ఒప్పుకున్నాడు. పరీక్షలు పెట్టే జబ్బు అల్లుడి నుంచి అంటుకున్నట్టుంది.

ఇదంతా చూస్తున్న జనంలో పాలాయన ముందుకొచ్చి చెంప పట్టుకున్నాడు. "మేడమ్, నాకూ ఇటువైపు లాగుతోంది. కారులోనే చూస్తారా, లోపలికి రావాలా?" ఆయన వెనక ఇంకొందరు. కప్పులోంచి వేలాడుతూ నోరు తెరిచిన మనిషిని చూశాక, కుర్చీలో దర్జాగా కూర్చోవడానికి ఎవరు భయపడతారు? డాక్టరమ్మ బయటికొచ్చి మెకానిక్కుకి సైగ చేసింది. బోల్టు వదులైంది. ప్యాంటు బయటపడింది. ముడత కూడా సరిగ్గా ఇస్త్రీ మడత దగ్గరే పడింది. మాస్టారు దిగి, చొక్కా సర్దుకుని, పెద్ద డాక్టరు చేతిలోంచి కత్తెర తీసుకుని, రిబ్బను తనే కత్తిరించి, ఎవరూ పిలవకముందే వెళ్ళి కుర్చీలో పడుకున్నాడు.

అందరూ చప్పట్లు కొడుతుండగా ఇన్సూరెన్సాయనకి అనుమానం వచ్చింది. గుమ్మం పైకి చూశాడు. కారు మీదికి చూశాడు. "అవునూ, బ్రష్షేదీ?"

అల్లుడి మొహం వాడిపోయింది. ర్యాకు ఉంది, లోడు పరీక్ష అయింది, కానీ ఆ లోడు ఇంట్లోనే గోడకు ఆనుకుని ఉంది. "ఇప్పుడే వెళ్ళి తెస్తా. నలభై కిలోలు. నలుగురు కావాలి," అని అతను చొక్కా చేతులు మడుస్తున్నాడు.

అప్పుడే మలుపు తిరిగి అత్తగారు వచ్చింది. ఒక చేతిలో ఇంటి తాళాలు, ఇంకో చంకలో మంచం కంటే పొడుగైన టూత్ బ్రష్షు.

"ఇదేంటి బాబూ, లోపలంతా థర్మోకోలు. ఎండకి పట్టుకుంటే గొడుగులా బాగుంది," అని అల్లుడి చేతిలో పెట్టింది.

కడ్డీ మాత్రం డెబ్బై రెండు కిలోలకీ వెంట్రుకవాసి వంగలేదని అల్లుడు ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు.